తాళం వేసింది ఎవరు?



2018 డిసెంబరు 11. వైట్ హౌస్‌లో అధ్యక్షుడి గది నిండా కెమెరాలు. ఒక కుర్చీలో డొనాల్డ్ ట్రంప్, దగ్గర్లోనే డెమొక్రాట్ నాయకులు నాన్సీ పెలోసీ, చక్ షూమర్. మెక్సికో సరిహద్దులో గోడ కట్టడానికి డబ్బు కావాలని అధ్యక్షుడు పట్టుబట్టారు. ఇచ్చేది లేదని వాళ్లు తేల్చేశారు. మాటా మాటా పెరిగింది. సరిహద్దు భద్రత కోసం ప్రభుత్వాన్ని మూసేయాల్సి వస్తే అది తనకు గర్వకారణమేననీ, ఆ బాధ్యత తానే మోస్తాననీ, నెపం మీ మీద నెట్టననీ ట్రంప్ షూమర్ ముఖం మీదే చెప్పారు. దేశమంతా ఆ మాట టీవీల్లో విన్నది.

సరిగ్గా పది రోజులు గడిచాయి. డిసెంబరు 21న, ప్రభుత్వం ఇంకా మూతపడకముందే, ఇక ఈ షట్‌డౌన్ డెమొక్రాట్లదేనని ఆయన ట్వీట్ చేశారు. ఆ అర్ధరాత్రి తలుపులు మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకోవడానికి 35 రోజులు పట్టింది.

అమెరికాలో ప్రభుత్వం మూతపడే ముందు ప్రతిసారీ జరిగే తంతు ఇదే. నిధుల మీద బేరసారాలు ఎంత జరుగుతాయో, రేపు తప్పు ఎవరి మీద పడాలన్న దాని మీద అంతకంటే గట్టి కసరత్తు జరుగుతుంది. గడువుకు వారం ముందే పోస్టర్లు తయారవుతాయి, పేర్లు పెట్టేస్తారు. 2018 జనవరిలో మూడు రోజులపాటు ప్రభుత్వం ఆగినప్పుడు రిపబ్లికన్లు దానికి షూమర్ షట్‌డౌన్ అని పేరు పెట్టారు, డెమొక్రాట్లు ట్రంప్ షట్‌డౌన్ అన్నారు.

అసలు ఒక దేశ ప్రభుత్వం మూతపడటమేమిటని మన శ్రోతలకు అనిపించడం సహజం. అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆలోగా ప్రతినిధుల సభ, సెనేట్ కలిసి 12 నిధుల బిల్లులు ఆమోదించాలి, అధ్యక్షుడు సంతకం చేయాలి. 1977 ఆర్థిక సంవత్సరం మొదలుకొని చూస్తే ఈ పని గడువులోగా పూర్తయినవి నాలుగేళ్లే: 1977, 1989, 1995, 1997. మిగతా ఏళ్లన్నీ తాత్కాలిక నిధుల బిల్లులతో నెట్టుకొచ్చినవే. అలాంటి తాత్కాలిక బిల్లు కూడా గట్టెక్కకపోతే ఖజానా నుంచి డబ్బు తీసే అధికారం ఆయా శాఖలకు ఉండదు. అత్యవసరం కాని ఉద్యోగులను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతారు. సైనికులు, విమానాశ్రయ తనిఖీ సిబ్బంది, జైలు వార్డర్ల వంటి వాళ్లు మాత్రం రోజూ డ్యూటీకి రావాల్సిందే. వాళ్లకూ జీతం రాదు.

మన దగ్గర ఈ బెడద లేదు. రాజ్యాంగం 116వ అధికరణలో ఓట్ ఆన్ అకౌంట్ ఉంది. బడ్జెట్ పూర్తిగా ఆమోదం పొందకపోయినా కొన్ని నెలల ఖర్చుకు సభ ముందే అనుమతిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారాక పూర్తి బడ్జెట్ నవంబరు 11న గానీ సభ ముందుకు రాలేదు. అయినా ఒక్క ఆఫీసుకూ తాళం పడలేదు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటు తేడాతో కూలింది. కూల్చినవాళ్లూ, కూలినవాళ్లూ కలిసి సభ రద్దు కాకముందే ఆ బడ్జెట్‌ను చర్చ లేకుండా ఆమోదించారు. ఎంత పగ ఉన్నా ఖజానా ఆగకూడదన్న ఇంగితం ఆ రోజు అన్ని పార్టీలకూ ఉంది.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇంత కఠినంగా ఉండేది కాదు. సభ మంజూరు చేయని డబ్బు ఖర్చు పెట్టకూడదన్న చట్టం 1884 నుంచీ ఉంది. అయినా నిధులు నాలుగు రోజులు ఆలస్యమైతే ఆఫీసులు ఖర్చు తగ్గించుకుని పని సాగించేవి, డబ్బు ఎలాగూ వస్తుందని. 1980 ఏప్రిల్‌లో, జిమ్మీ కార్టర్ హయాంలో, అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ చట్టాన్ని అక్షరాలా చదివి, మంజూరు లేకపోతే పని ఆపాల్సిందేనని అభిప్రాయం ఇచ్చారు. మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్క రోజు మూతపడింది. మొదటి షట్‌డౌన్ అదే. మరుసటి ఏడాది ప్రాణాలకూ ఆస్తులకూ రక్షణ ఇచ్చే పనులను ఆయన మినహాయించారు. సివిలెట్టి ఉద్దేశం సభను దారిలో పెట్టడమే. అది ఇంతింత కాలం సాగుతుందనీ, రాజకీయ ఎత్తుగడగా మారుతుందనీ తాను ఊహించలేదని 2019లో ఆయనే పత్రికలతో చెప్పారు.

ఆ ఎత్తుగడను పూర్తి స్థాయిలో వాడింది 1995లో. స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ నాయకత్వంలో రిపబ్లికన్లు ఖర్చుల్లో భారీ కోతలు కోరారు, బిల్ క్లింటన్ కుదరదన్నారు. నవంబరులో అయిదు రోజులు, డిసెంబరు మధ్య నుంచి జనవరి తొలి వారం దాకా 21 రోజులు ప్రభుత్వం ఆగింది. ఆ నవంబరులోనే గింగ్రిచ్ నోరు జారారు. ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ అంత్యక్రియలకు అధ్యక్షుడి విమానంలో వెళ్లి వచ్చేటప్పుడు క్లింటన్ తనతో మాట్లాడలేదనీ, వెనుక మెట్ల మీదుగా దింపారనీ, తన పట్టుదలకు అదీ ఒక కారణమనీ విలేకరులకు చెప్పుకున్నారు. న్యూయార్క్ డైలీ న్యూస్ ఆయనను ఏడ్చే పసిపిల్లవాడిగా బొమ్మ గీసి మొదటి పేజీ నిండా వేసింది. ఆ ఒక్క బొమ్మతో నెపం ఎవరిదన్న ప్రశ్న తేలిపోయింది. ఎందరో ఆర్థికవేత్తల వాదనలు చేయలేని పని అది చేసింది. మరుసటి ఏడాది క్లింటన్ మళ్లీ గెలిచారు.

ఆ అనుభవం నుంచి రెండు పార్టీలూ నేర్చుకున్నది నిధులు వేళకు ఇవ్వాలని కాదు, తప్పు ఎదుటివాడి మీద పడేలా చూసుకోవాలని. అక్కడి నుంచి వాదనలు చేతులు మారుతూ వచ్చాయి. 2013 అక్టోబరులో రిపబ్లికన్లు ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి నిధులు ఆపితేనే ప్రభుత్వాన్ని నడవనిస్తామన్నారు. ముందు తలుపులు తెరవండి, బేరాలు తర్వాత అని డెమొక్రాట్లు బదులిచ్చారు. అది 16 రోజులు సాగింది. అది మొదలయ్యే ముందు, ఆనాటికి వ్యాపారవేత్తగానే ఉన్న ట్రంప్ ఒక టీవీ కార్యక్రమంలో, ప్రభుత్వం మూతపడితే చరిత్ర గుర్తుపెట్టుకునేది అప్పటి అధ్యక్షుడినేనని అన్నారు. 2025కు వచ్చేసరికి ఆరోగ్య బీమా అదనపు రాయితీలు పొడిగిస్తేనే ఓటేస్తామన్నది డెమొక్రాట్లు. ముందు తెరవండి, తర్వాత మాట్లాడదాం అన్నది రిపబ్లికన్లు. ఇద్దరి పాత ప్రసంగాలూ తారుమారు చేసి చదివితే సరిపోయేది.

ఆ 2025 సెప్టెంబరు చివరి వారం కాస్త వివరంగా చూడాలి. నవంబరు 21 దాకా నిధులిచ్చే తాత్కాలిక బిల్లును ప్రతినిధుల సభ సెప్టెంబరు 19న 217-212 ఓట్లతో ఆమోదించి సెనేట్‌కు పంపింది. సెనేట్‌లో ఇలాంటి బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. రిపబ్లికన్లకు ఉన్నవి 53. సెప్టెంబరు 29న రెండు పార్టీల నాయకులూ వైట్ హౌస్‌లో కలిశారు, ఏమీ తేలలేదు. అధ్యక్ష పదవి, రెండు సభలూ మీ చేతిలోనే ఉంటే మూత మీది కాక ఎవరిదని డెమొక్రాట్లు అడిగారు. 60 ఓట్లు మీరు ఇవ్వకపోతే మీది కాక ఎవరిదని రిపబ్లికన్లు అడిగారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. చిక్కంతా అక్కడే. ఎవరి మద్దతుదారు విన్నా తన పార్టీ చెప్పింది నిజమేనని నమ్మడానికి కావలసినంత నిజం ఇద్దరి దగ్గరా ఉంది.

మరి తీర్పు చెప్పలేమా? ఒక మేరకు చెప్పవచ్చు. ఉన్న నిధులను యథాతథంగా కొనసాగించడానికి అదనంగా షరతు పెట్టిన పక్షానిదే మొదటి బాధ్యత అనుకుంటే, 2013లో అది రిపబ్లికన్లది, 2018 జనవరిలో డెమొక్రాట్లది, ఆ డిసెంబరులో ట్రంప్‌ది, 2025లో మళ్లీ డెమొక్రాట్లది. అయితే 2025కు ఒక మెలిక ఉంది. సభ మంజూరు చేసిన విదేశీ సహాయ నిధుల్లో సుమారు 490 కోట్ల డాలర్లను ఖర్చు చేయకుండా రద్దు చేస్తున్నట్టు ఆ ఆగస్టులోనే అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించారు. ఒప్పందం చేసుకున్న డబ్బునే తర్వాత రద్దు చేస్తుంటే మీ సంతకానికి విలువేమిటని ప్రతిపక్షం అడిగింది. అది తోసిపుచ్చదగ్గ ప్రశ్న కాదు. కాబట్టి కొలబద్ద ఒకటే అయినా, దాంతో కొలిచిన ప్రతిసారీ పక్కన ఇంకేం జరిగిందో కూడా చూడక తప్పదు.

నాయకులు ఒకరినొకరు తిట్టుకోవడం పాతదే. 2025లో కొత్తగా జరిగింది వేరు. ఆ తిట్టు ప్రభుత్వ కార్యాలయం నోటి నుంచి వచ్చింది. గడువు ముగియడానికి ముందే, సెప్టెంబరు 30న, గృహ నిర్మాణ శాఖ వెబ్‌సైట్ తెరిచినవాళ్లకు అతివాద వామపక్షం ప్రభుత్వాన్ని మూసేయబోతోందన్న ప్రకటన ఎదురైంది. అద్దె సాయం కోసం ఆ వెబ్‌సైట్‌కు వెళ్లే మనిషి ఏ పార్టీకి ఓటేశాడో ఆ శాఖకు అనవసరం. ఆ శాఖ అందరిదీ. అంతర్గత భద్రత మంత్రి క్రిస్టీ నోయెమ్ విమానాశ్రయాల తనిఖీ వరుసల్లో వేయమని ఒక వీడియో పంపారు. సిబ్బంది జీతం లేకుండా పనిచేయడానికి డెమొక్రాట్లే కారణమని అందులో చెప్పారు. పోర్ట్‌లాండ్, సియాటిల్ సహా పలు విమానాశ్రయాలు ఆ వీడియో వేయడానికి నిరాకరించాయి. ఆ ధైర్యానికి నమస్కరించాలి. ప్రభుత్వోద్యోగులు డ్యూటీలో పార్టీ రాజకీయం చేయకూడదన్న హ్యాచ్ చట్టం ఆ దేశంలో 1939 నుంచి ఉంది.

విద్యా శాఖలో ఇంకో అడుగు వేశారు. సెలవు మీద వెళ్తున్న ఉద్యోగులు, ఆఫీసు మూసి ఉంది, తెరిచాక జవాబిస్తాం అని తమ ఈమెయిల్‌లో ఆటోమేటిక్ జవాబు పెట్టుకుని ఇంటికి వెళ్లారు. వాళ్లకు తెలియకుండా పైవాళ్లు ఆ వాక్యాలు మార్చేశారు. సెనేట్‌లో డెమొక్రాట్లు బిల్లును అడ్డుకోవడం వల్ల నిధులు ఆగిపోయాయన్న మాట ఆ ఉద్యోగులే చెబుతున్నట్టుగా బయటికి వెళ్లింది. కొందరు పాత వాక్యం తిరిగి పెట్టుకుంటే మళ్లీ మార్చారు. ఉద్యోగుల సంఘం కోర్టుకు వెళ్లింది. నవంబరు 7న ఫెడరల్ న్యాయమూర్తి క్రిస్టఫర్ కూపర్ ఇది వాక్ స్వాతంత్య్రానికి రక్షణ ఇచ్చే మొదటి సవరణను ఉల్లంఘించడమేనని తీర్పిచ్చారు. ఒక మనిషి జీతం ఆపడం ఒక కష్టం. ఆ మనిషి పేరు మీద, అతను అనని మాట ఊరంతా చెప్పడం అవమానం. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. పార్టీలు మారినా పనిచేస్తూ ఉండాల్సిన ఉద్యోగిని ఒక పార్టీ గొంతుగా మార్చేస్తే, రేపు ఇంకో పార్టీ వచ్చాక అదే పని చేయదన్న హామీ లేదు.

ఎద్దులూ ఎద్దులూ పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయని మన పెద్దలు ఊరికే అనలేదు. 2025 షట్‌డౌన్ 43 రోజులు సాగింది, అప్పటికి అదే అన్నిటికంటే పొడవైనది. దాదాపు ఏడున్నర లక్షల మందిని సెలవు మీద పంపాల్సి వస్తుందని కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) బడ్జెట్ కార్యాలయం ముందే లెక్కగట్టింది. సుమారు 50 వేల మంది విమానాశ్రయ తనిఖీ సిబ్బంది, 13 వేల మంది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతం లేకుండా విధుల్లో ఉన్నారు. పే స్లిప్‌లో సున్నా చూసుకున్న మనిషికి ఇంటి అద్దె, కారు వాయిదా, పిల్లల డే కేర్ ఫీజు ఆగవు. డే కేర్‌కు డబ్బు కట్టలేక పిల్లవాడిని ఇంట్లో ఉంచితే డ్యూటీకి వెళ్లేదెలా? 2019లో చెఫ్ హోసే ఆండ్రెస్ వాషింగ్టన్‌లో ఫెడరల్ ఉద్యోగుల కోసం ఉచిత భోజనశాల తెరిస్తే, ప్రభుత్వ గుర్తింపు కార్డులు పట్టుకుని ఉద్యోగులు వరుసల్లో నిలబడ్డారు. ప్రపంచంలో అత్యంత ధనిక ప్రభుత్వపు ఉద్యోగులు వాళ్లు.

వాళ్లకు కనీసం బకాయిలు వస్తాయి. 2019లో చేసిన చట్టం అందుకు హామీ ఇచ్చింది. 2025లో ఆ హామీ మీద కూడా వైట్ హౌస్ అనుమానాలు లేవనెత్తింది, చివరి ఒప్పందంలో మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. అదే భవనాలు ఊడ్చి తుడిచే కాంట్రాక్టు కార్మికులకూ, మ్యూజియం గుమ్మం దగ్గర నిలబడే కాంట్రాక్టు గార్డుకూ, క్యాంటీన్‌లో వండేవాళ్లకూ ఆ చట్టం వర్తించదు. పోయిన రోజుల కూలి పోయినట్టే. ప్రతినిధుల సభ, సెనేట్ సభ్యుల జీతం మాత్రం, ఏడాదికి 1,74,000 డాలర్లు, షట్‌డౌన్‌తో ఆగదు.

నవంబరు మొదటి తేదీన ఆహార సాయం ఆగింది. స్నాప్ పథకం కింద నెలనెలా కార్డులో పడే డబ్బుతో సరుకులు కొనుక్కునేవాళ్లు దాదాపు 4.2 కోట్ల మంది, అంటే ఎనిమిది మందిలో ఒకరు. అత్యవసర నిధి నుంచి ఇవ్వాలని రోడ్ ఐలండ్, మసాచుసెట్స్‌లలో న్యాయమూర్తులు చెప్పారు, ప్రభుత్వం పై కోర్టుకు వెళ్లింది. అప్పుడు కూడా ఆ పథకాన్ని నడిపే వ్యవసాయ శాఖ వెబ్‌సైట్‌లో కనిపించింది డెమొక్రాట్ల మీద నింద. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు చాలక నవంబరు 7 నుంచి 40 పెద్ద విమానాశ్రయాల్లో విమానాల సంఖ్య తగ్గించారు.

మన తెలుగు కుటుంబాలకూ ఈ సెగ తగిలింది. హెచ్-1బీ పిటిషన్ వేయాలంటే ముందుగా అమెరికా కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏ ధ్రువీకరణ కావాలి. వీసా ఫైళ్లు చూసే యూఎస్‌సీఐఎస్ దరఖాస్తుదారుల ఫీజులతో నడుస్తుంది కాబట్టి తెరిచే ఉంది. కానీ కార్మిక శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ అక్టోబరు 1 నుంచి ఆగిపోయి, నెలాఖరుకు గానీ మళ్లీ నడవలేదు. గ్రీన్ కార్డు మొదటి మెట్టయిన పెర్మ్ దరఖాస్తులూ అక్కడే ఆగాయి. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి ఇంకో కంపెనీ పట్టుకోవడానికి 60 రోజులే గడువు. కొత్త కంపెనీ ఆఫర్ ఇచ్చినా ఎల్‌సీఏ లేక పిటిషన్ వేయలేకపోతే ఆ రోజులు కరిగిపోతూనే ఉంటాయి. షట్‌డౌన్ వల్ల ఆలస్యమైన దరఖాస్తులను ప్రత్యేక పరిస్థితిగా పరిగణిస్తామని యూఎస్‌సీఐఎస్ చెప్పింది నిజమే. పిల్లల బడి, ఇంటి లీజు, ఊళ్లో అమ్మానాన్నల ఆందోళన మధ్య ఆ మాట పట్టుకుని నిద్రపోవడం మాత్రం తేలిక కాదు. ఆ దేశంలో వాళ్లకు ఓటు లేదు. ఈ తగవులో వాళ్లు ఏ పక్షానికీ లెక్కలోకి రారు.

ఇంతా చేసి, నెపం వేసినవాళ్లకు దక్కిందేమిటి? 2013లో ప్రజలు ఎక్కువగా రిపబ్లికన్లనే తప్పుబట్టారు. ఏడాది దాటగానే 2014 ఎన్నికల్లో అదే పార్టీ సెనేట్‌ను గెలుచుకుంది. 2025 నవంబరు 4న, షట్‌డౌన్ నడుమనే, ఫెడరల్ ఉద్యోగులు వేల సంఖ్యలో ఉన్న వర్జీనియాలో ఎన్నికలు జరిగి డెమొక్రాట్లు గెలిచారు. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైంది ఆ రోజే. షట్‌డౌన్ తమ పార్టీకి దెబ్బ కొట్టిందని మరునాడు ట్రంప్ స్వయంగా ఒప్పుకున్నారు. అయినా వారం తిరగకముందే సెనేట్‌లో వెనక్కి తగ్గింది డెమొక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది. నవంబరు 10న బిల్లు 60-40తో గట్టెక్కింది, 12న అధ్యక్షుడు సంతకం చేశారు. ఆ ఆరోగ్య బీమా అదనపు రాయితీల మీద డిసెంబరులో ఓటింగ్ పెడతామన్న మాట వాళ్లకు దక్కింది. ఓటింగ్ జరిగింది, కావలసిన 60కి బదులు 51 ఓట్లే వచ్చాయి. అదనపు రాయితీలు ఏడాది చివరితో ముగిశాయి. ఆరు వారాల మూత వల్ల ఎప్పటికీ తిరిగిరాని నష్టం 1,100 కోట్ల డాలర్లని బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది.

దారి లేక కాదు. ఒక్లహామా రిపబ్లికన్ సెనేటర్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, న్యూ హాంప్‌షైర్ డెమొక్రాట్ మ్యాగీ హాసన్ కలిసి ఒక బిల్లు తెచ్చారు. గడువు దాటితే పాత స్థాయి నిధులే 14 రోజుల చొప్పున తమంతట తామే కొనసాగుతాయి. పూర్తి బిల్లులు ఆమోదించేదాకా సభ్యులు వాషింగ్టన్ వదిలి ప్రభుత్వ డబ్బుతో ప్రయాణాలు చేయకూడదు. అలా చేస్తే పాత బడ్జెట్టే ఏళ్లకు ఏళ్లు సాగి, కొత్త అవసరాలకు డబ్బు దొరకదని ఎదురు వాదన ఉంది. ఆ భయం నిజమైనదే, కానీ దానికి మందు సభ్యులను సభలో కూర్చోబెట్టడం, సరుకుల కార్డు ఆపడం కాదు. అలాగే తక్కువ కూలి కాంట్రాక్టు కార్మికులకూ బకాయిలు ఇవ్వాలని మిన్నెసోటా సెనేటర్ టీనా స్మిత్ 2019లో ఒక బిల్లు పెట్టారు. 43 రోజుల షట్‌డౌన్ వచ్చిపోయేనాటికి ఈ రెండింటిలో ఒక్కటీ చట్టం కాలేదు. తలుపులు మళ్లీ తెరుచుకున్నప్పుడు ఆఫీసర్లు వెనకటి జీతంతో పాటు కుర్చీల్లోకి వచ్చారు. అదే గదులు శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికులు ఆ ఆరు వారాల కూలిని వదులుకునే పనిలోకి వచ్చారు.